1555 నాటి పక్షి చిత్రాలు: బొమ్మ సాక్ష్యంగా మారిన వైనం

కేవలం పక్షుల గురించే రాసిన తొలి అచ్చు పుస్తకాల్లో ఒకటి 1544లో జర్మనీలోని కొలోన్ నగరంలో వెలువడింది. ఆంగ్ల వైద్యుడు విలియం టర్నర్ లాటిన్‌లో రాసిన ఆ చిన్న గ్రంథంలో అరిస్టాటిల్, ప్లినీ పేర్కొన్న పక్షులు ఇప్పుడు కనిపించేవాటిలో ఏవో తేల్చే ప్రయత్నం ఉంది, రచయిత స్వయంగా గమనించిన అలవాట్ల వర్ణన ఉంది, కానీ ఒక్క బొమ్మ కూడా లేదు. ఆ తర్వాత పదకొండేళ్లకు, 1555లో, రెండు పెద్ద పక్షి గ్రంథాలు ఒకే ఏడాది అచ్చయ్యాయి: పారిస్‌లో పియర్ బెలోన్ ఫ్రెంచి భాషలో రాసినది ఒకటి, జ్యూరిక్‌లో నగర వైద్యుడు కాన్రాడ్ గెస్నర్ లాటిన్‌లో రాసిన ‘జంతు చరిత్ర’ మూడో సంపుటం మరొకటి. ఈ రెండింటి పుటలూ చెక్క అచ్చుల బొమ్మలతో నిండి ఉన్నాయి. చిత్రాలు సహజమైన పక్షిని చూసి తీసినవేనని బెలోన్ తన పుస్తకం పేరులోనే ప్రకటించుకున్నాడు. ఆ ప్రకటనను ఎంతవరకు నమ్మవచ్చునన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం. ఆ కాలపు చిత్రకారులు చాలావరకు తమ ముందున్న వస్తువుకు నిజాయతీగా కట్టుబడ్డారు. అయితే ఆ వస్తువు ఏ రూపంలో, ఎన్ని చేతులు మారి వారి బల్ల మీదికి వచ్చిందన్నదే చిత్రంలోని సత్యాసత్యాలను నిర్ణయించింది.

బొమ్మ అవసరం ముందుగా పేర్ల చిక్కులోంచి పుట్టింది. ప్రాచీన గ్రీకు, లాటిన్ గ్రంథాల్లో వందల పక్షుల పేర్లు ఉన్నా, వాటిలో చాలావాటికి సరైన వర్ణన లేదు. ఒకే పక్షికి ఊరికో పేరు, ఒకే పేరుకు ఊరికో పక్షి ఉన్న రోజుల్లో జ్యూరిక్ పండితుడూ ఇటలీ పండితుడూ తాము ఒకే పక్షి గురించి మాట్లాడుకుంటున్నామని నిర్ధారించుకోవడానికి మాటలు చాలలేదు. మొక్కల విషయంలో దారి అప్పటికే పడింది. 1530లో ఓటో బ్రున్‌ఫెల్స్, 1542లో లియొన్‌హార్ట్ ఫుక్స్ ప్రచురించిన మూలికా గ్రంథాలు మొక్కను చూసి గీసిన బొమ్మకు పండిత గౌరవం తెచ్చిపెట్టాయి. ఫుక్స్ అయితే తన పుస్తకంలో చిత్రకారుల, చెక్కే పనివాని రూపచిత్రాలను సైతం అచ్చు వేయించాడు. కానీ మొక్కకు ఉన్న సౌలభ్యం పక్షికి లేదు. మొక్కను కాగితాల మధ్య నొక్కి ఆరబెడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. పక్షి రెండు మూడు రోజుల్లో కుళ్లుతుంది. పేగులు తీసి, ఉప్పు పట్టించి ఎండబెట్టే పద్ధతులు తెలిసినా, అలా నిలిపిన శరీరం ముడుచుకుపోతుంది, పురుగుల పాలవుతుంది. అందువల్ల పక్షి విషయంలో చిత్రం పుస్తకానికి అలంకారంగా మిగలలేదు. చాలాసార్లు ఆ పక్షి దేహానికి మిగిలిన ఏకైక ఆనవాలు అదే.

చిత్రకారుడి చేతికి పక్షులు అందించినవారిలో ఎక్కువ మంది పండితులు కారు. వలలు పన్ని పిట్టలు పట్టేవారు, డేగలతో వేటాడించేవారు, సంతల్లో పక్షులను అమ్మేవారు, ప్రభువుల వంటశాలల్లో పనిచేసేవారు ఈ శాస్త్రానికి మొదటి సరఫరాదారులు. గెస్నర్‌కు పక్షి చిత్రాలు గీసిచ్చినవారిలో ముఖ్యుడైన లూకాస్ షాన్ అనే స్ట్రాస్‌బర్గ్ చిత్రకారుడు స్వయంగా పిట్టలు పట్టడంలోనూ ఆరితేరినవాడు. అతని ద్వారా వచ్చిన నీటిపక్షుల, చిన్న పిట్టల బొమ్మల్లో నిలబడే తీరు, మెడ వంపు సహజంగా కుదరడానికి ఆ అనుభవమే కారణమని భావించడం సమంజసం. వీరు కాక, ఐరోపా అంతటా గెస్నర్ ఉత్తరాలు నడిపిన వైద్యులు, ఉపాధ్యాయులు బొమ్మలనూ వర్ణనలనూ తపాలాలో పంపేవారు; ఇంగ్లండ్ నుంచి జాన్ కాయస్ అలా సహకరించినవాడే. తనకు సాయపడినవారి పేర్లను గెస్నర్ గ్రంథంలో కృతజ్ఞతగా నమోదు చేశాడు. ఆ నమోదు నేటి పరిశోధకులకు పెద్ద వరం, ఎందుకంటే ఏ బొమ్మ ఎక్కడినుంచి వచ్చిందో చాలాచోట్ల దాని వల్లనే తెలుస్తోంది.

చనిపోయిన పక్షిని చూసి గీయడంలో ఎంత సాధ్యమో అంతకు అర్ధ శతాబ్దం ముందే జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెఖ్ట్ డ్యూరర్ చూపించాడు. వియన్నాలోని ఆల్బర్టీనా సంగ్రహాలయంలో ఉన్న అతని చిత్రం ఒక తెగిన రెక్కది. దాని మీది తేదీని కొందరు 1500గా, కొందరు 1512గా చదువుతారు. పొడవు వెడల్పులు సుమారు ఇరవై సెంటీమీటర్లున్న చర్మపత్రం మీద నీటిరంగులతో వేసిన ఆ రెక్క ఐరోపా పాలపిట్టది; తెలంగాణ రాష్ట్రపక్షి అయిన మన పాలపిట్టకు అది అతి దగ్గరి బంధువు, రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. దసరా నాడు పాలపిట్ట కోసం పొలాల వైపు చూసే అలవాటున్న పాఠకులకు ఆ నీలం కొత్త కాదు. చిత్రంలో భుజం దగ్గర గోధుమరంగు మెత్తని ఈకలు, రెక్క అంచున ముదురు నీలం, దాని కింద లేత ఆకాశనీలపు వరుస, ఆపైన నలుపు దిగిన పొడవాటి గరులు విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కో గరి మధ్యనున్న కాడ, దానికి ఇరువైపులా ఉన్న పోగులు ఎక్కడ చీలాయో ఎక్కడ ఒకదానికొకటి అంటుకున్నాయో కూడా లెక్కపెట్టవచ్చు. రెక్క తెగినచోట మాంసం ఎరుపును సైతం అతను దాచలేదు. ఈ చిత్రాన్ని అందం కోసం మెచ్చుకునేవారు ఎక్కువ; కానీ ఏ వరుస ఈక ఏ వరుస మీద కప్పుకుంటుందో అంత స్పష్టంగా చూపడం శాస్త్రపరంగానూ ఆ కాలానికి అసాధారణం.

ఇక్కడ ఒక భౌతిక కారణం చిత్రకారుడికి అనుకూలించింది. పాలపిట్ట ఈకల్లోని నీలం రంగుపదార్థం వల్ల వచ్చేది కాదు. ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం వెలుతురును చెదరగొట్టడం వల్ల కనిపించేది. పక్షి చచ్చినా, ఈక ఎండినా ఆ నీలం అంత తొందరగా వెలిసిపోదు. కన్ను, కాళ్ల చర్మం, ముక్కు మొదట్లోని మెత్తని భాగం, తలమీది ఈకల్లేని చర్మం అలా కాదు. వాటి రంగులు ప్రాణం పోయిన కొద్ది కాలంలోనే మారిపోతాయి. చచ్చిన పక్షిని ఆధారం చేసుకున్న చిత్రాల్లో ఈకలు బాగా కుదిరి, కళ్లూ కాళ్లూ తేలిపోవడానికి ప్రధాన కారణం ఇదే. దానిని చిత్రకారుడి అజాగ్రత్తగా లెక్కించడం న్యాయం కాదు.

నీటిరంగుల్లో సాధ్యమైనదంతా అచ్చులోకి రాలేదు. చిత్రకారుడు ఇచ్చిన బొమ్మను పియర్ చెట్టు వంటి గట్టి చెక్క మీదికి ఎక్కించేవారు. తర్వాత చెక్కేవాడు గీత మాత్రం ఎత్తుగా మిగిలేటట్లు మిగతా చెక్కను కత్తితో తొలగించేవాడు. అక్షరాల ఎత్తుకు సరిపడిన ఆ దిమ్మను అక్షరాల పక్కనే బిగించి ఒకే మారు ముద్రించవచ్చు. మాటా బొమ్మా ఒకే పుటలో, ఒకదానికొకటి ఆనుకొని ఉండగలిగింది ఈ సౌకర్యం వల్లనే. దీనికి చెల్లించిన మూల్యం కూడా తక్కువది కాదు. మెత్తని నూగు, మెరుపు, ఒక రంగులోంచి ఇంకో రంగులోకి జారే సంధి, ఇవన్నీ నల్లని గీతలుగా మారిపోయాయి. చేతితో రంగులు వేసిన ప్రతులు అమ్మకానికి దొరికేవి, కానీ వాటి ధర ఎక్కువ. అంతకన్నా ముఖ్యంగా, రంగు వేసే పనివాడు ఆ పక్షిని ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. అందుకే రంగును చెప్పే భారం వచనం మీద పడింది. గెస్నర్ ప్రతి పక్షి అధ్యాయాన్నీ ఎనిమిది భాగాలుగా విడగొట్టాడు: వివిధ భాషల్లో పేర్లు, దేశమూ దేహమూ, జీవనక్రియలు, స్వభావం, వేట వంటి ఉపయోగాలు, ఆహారంగా విలువ, వైద్యం, చివరికి సాహిత్యంలోని ప్రస్తావనలు. బొమ్మ ఈ ఎనిమిదింటికీ ముఖద్వారం వంటిది. విడిగా దాన్ని మాత్రమే చూస్తే గెస్నర్ చెప్పదలచుకున్నదానిలో సగం కూడా అందదు.

ఈ చిత్రాల అమరికలో ఒక స్థిరమైన పద్ధతి కనిపిస్తుంది. పక్షి దాదాపు ఎప్పుడూ పక్కకు తిరిగి ఉంటుంది, వెనుక ఖాళీ కాగితం, కాళ్ల కింద ఉంటే కాస్త నేల లేదా ఒక కొమ్మ. పక్క నుంచి చూసినప్పుడు ముక్కు ఆకారం, కాలి పొడవు, తోక, ముడిచిన రెక్క కొస ఒకేసారి కనిపిస్తాయి కనుక గుర్తుపట్టడానికి ఇది తగిన భంగిమ. అదే సమయంలో గూడు, నీరు, గుంపు, ఎగిరే తీరు అన్నీ చిత్రం నుంచి తప్పుకున్నాయి. మొదట ఏ పక్షి ఏదో తేలితేనే దాని నడవడి గురించి తగవు లేకుండా మాట్లాడుకోగలరు కాబట్టి ఆ ఎంపిక ఆనాటి అవసరానికి సరైనదే.

పద్ధతి ఎంత నిక్కచ్చిగా ఉన్నా, మొదట అందిన దేహంలోనే లోపముంటే ఫలితం ఏమవుతుందో స్వర్గపక్షి కథ చెబుతుంది. మెగలన్ నౌకాయాత్రలో మిగిలిన ‘విక్టోరియా’ అనే ఓడ 1522లో స్పెయిన్‌కు తిరిగి వచ్చినప్పుడు, మొలక్కా దీవుల్లోని బచాన్ సుల్తాను రాజుకు కానుకగా పంపిన కొన్ని పక్షి చర్మాలు అందులో ఉన్నాయి. న్యూగినీ ప్రాంతంలో వేటగాళ్లు ఆ పక్షి కాళ్లనూ, ఎముకలనూ, చాలాసార్లు రెక్కలనూ తీసివేసి, పొగబెట్టి ఎండించి, బంగారు పట్టులాంటి పక్క ఈకలు మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించేలా తయారుచేసేవారు. వ్యాపారులకు కావలసింది ఆ ఈకలే. కాళ్లు లేని ఆ చర్మాలను చూసిన ఐరోపా పండితులు, ఆ పక్షికి పుట్టుకతోనే కాళ్లు లేవనీ, అది నేల మీద వాలకుండా జీవితాంతం గాలిలోనే ఉంటుందనీ, ఆడపక్షి మగపక్షి వీపు మీద గుడ్లు పెడుతుందనీ నమ్మారు. గెస్నర్ ఆ పక్షిని స్వయంగా చూడలేదు. దూరం నుంచి అందిన చిత్రాన్నీ, ఉత్తరాలనూ ఆధారం చేసుకొని 1555 సంపుటంలో కాళ్లు లేని స్వర్గపక్షిని అచ్చు వేశాడు.

ఇందులో ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఆ ఓడలో ప్రయాణించి వచ్చిన అంతోనియో పిగఫెట్టా ఆ పక్షికి కాళ్లున్నాయని తన యాత్రాకథనంలో స్పష్టంగానే రాశాడు. అయినా బొలోన్యా పండితుడు ఉలిస్సె అల్ద్రోవాంది 1599లో ప్రచురించిన పక్షిశాస్త్ర గ్రంథపు తొలి సంపుటంలో పిగఫెట్టా మాటనే తప్పుపట్టాడు. కళ్ల ముందున్న చర్మానికి కాళ్లు లేవు. ఒక ప్రయాణికుడి వాక్యం కన్నా చేతిలోని వస్తువు గొప్పదన్న కొత్త శాస్త్రదృష్టే ఇక్కడ అతన్ని పొరపాటు వైపు నడిపింది. పుస్తకజ్ఞానాన్ని గుడ్డిగా నమ్మడం వల్ల పుట్టిన దోషంగా దీన్ని కొట్టిపారేసేవారు ఈ సంగతిని గమనించరు. డచ్చి ఓడలు తూర్పు దీవులకు నేరుగా వెళ్లడం మొదలైన తర్వాత కాళ్లున్న నమూనాలు ఐరోపాకు చేరాయి. 1605లో వృక్షశాస్త్రజ్ఞుడు కరోలస్ క్లూసియస్ ఆ సంగతిని అచ్చులో పెట్టి పాత అభిప్రాయాన్ని ఖండించాడు. అయినా 1758లో లిన్నేయస్ ఆ పక్షికి పెట్టిన శాస్త్రీయ నామంలో ‘కాళ్లు లేనిది’ అన్న అర్థం అలాగే నిలిచిపోయింది.

బెలోన్ ఎంచుకున్న మార్గం వేరు. 1517లో పుట్టిన అతను 1546 నుంచి మూడేళ్ల పాటు గ్రీసు, తుర్కీ, ఈజిప్టు, సిరియా ప్రాంతాల్లో తిరిగి, అనేక జంతువులను అక్కడికక్కడే చూసినవాడు. తన చేతికి వచ్చిన పక్షులను కోసి చూడకుండా వదలలేదని చెప్పుకున్నాడు. అతని పుస్తకంలో ఎక్కువ చర్చకు వచ్చిన పుటలు రెండే. ఎదురెదురుగా ఉన్న ఆ పుటల్లో ఒకవైపు మనిషి అస్థిపంజరం, మరోవైపు పక్షి అస్థిపంజరం ఉంటాయి. పక్షిని మనిషిలాగా నిటారుగా నిలిపి, రెక్కలను చేతుల్లాగా పక్కలకు దించి గీయించాడు. ఒకదానిలోని ఎముకకు ఏ అక్షరం గుర్తుగా ఉందో, రెండోదానిలో దానికి సరిపడే ఎముకకూ అదే అక్షరం.

ఆ అక్షరాలను ఒక్కొక్కటిగా పోల్చి చూస్తే బెలోన్ చూపు ఎంత పదునైనదో తెలుస్తుంది. పక్షి కాలు మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలును చాలామంది మోకాలు అనుకుంటారు. బెలోన్ అలా అనుకోలేదు. దాని కింద సన్నగా, పొలుసులతో కనిపించే కాడను మన మడమ భాగంతో జతచేశాడు, అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉందని గ్రహించాడు. ఇది ఆధునిక శరీరనిర్మాణ శాస్త్రం ఒప్పుకునే పోలిక. ఛాతీ పైభాగంలో మాత్రం తడబడ్డాడు. పంగకర్ర ఆకారంలో ఉండే ఎముక నిజానికి మన రెండు కంటె ఎముకలకు సమానమైనది. బెలోన్ దాన్ని పక్షులకు మాత్రమే ఉన్న ప్రత్యేక ఎముకగా భావించి, దాని వెనుకనున్న వేరే ఎముకల జతకు కంటె ఎముకల స్థానం ఇచ్చాడు. డార్విన్‌కు మూడు వందల ఏళ్ల ముందే పరిణామవాదం ఈ చిత్రంలో ఉందనడం అతిశయోక్తి. ఒకే మూలం నుంచి పుట్టాయన్న ఊహ బెలోన్‌కు లేదు. ఇదే గ్రంథంలో గబ్బిలాన్ని రాత్రిపూట తిరిగే పక్షుల సరసన చేర్చినవాడు అతనే. అయితే పోలికను వాక్యంలో చెప్పి ఊరుకోకుండా, పాఠకుడే అక్షరం వెంట అక్షరం సరిచూసుకొని ఒప్పుకోవడమో కాదనడమో చేయగలిగేలా చిత్రాన్ని అమర్చడం కొత్త విషయం. స్వర్గపక్షి బొమ్మను పాఠకుడు నమ్మడం తప్ప పరీక్షించే దారి లేదు. ఈ జంట అస్థిపంజరాలను మాత్రం ఒక కోడిని కోసి ఎవరైనా పరీక్షించవచ్చు.

తర్వాతి తరంలో ఈ పని విస్తరించింది. శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు ఫోల్ఖర్ కోయిటర్ 1564లో బొలోన్యాలో, అల్ద్రోవాంది ప్రోత్సాహంతో, పొదిగే కోడి కింది గుడ్లను రోజుకొకటి చొప్పున పగలగొట్టి పిండం ఎదుగుదలను గమనించాడు. 1575లో అతను ప్రచురించిన పక్షి అస్థిపంజరాల చిత్రాలు రాగి రేకుల మీద చెక్కినవి. చెక్క అచ్చు ఇవ్వలేని సన్నని గీతను రాగి ఇవ్వగలదు, కానీ దాని ముద్రణకు వేరే యంత్రం కావాలి, అక్షరాలతో కలిపి ఒకేసారి అచ్చు వేయడం కుదరదు. అల్ద్రోవాంది మాత్రం చెక్కనే నమ్ముకున్నాడు. అతను దశాబ్దాల పాటు చిత్రకారులను, చెక్కేవారిని జీతానికి పెట్టుకొని పనిచేయించాడు. ఫ్లోరెన్సు ఆస్థానంలోని యాకోపో లిగొట్సీ కూడా అతనికి చిత్రాలు పంపాడు. 1599, 1600, 1603 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వచ్చిన అతని పక్షిశాస్త్రం వెనుక ఉన్న నీటిరంగుల సంపుటాలు, వేల సంఖ్యలో చెక్క దిమ్మలు అతని మరణశాసనం ప్రకారం నగరానికే చెందాయి, ఇప్పటికీ బొలోన్యాలోనే ఉన్నాయి. రంగుల మూలచిత్రాన్నీ, దిమ్మనూ, అచ్చు పుటనూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఇంత పెద్ద ఎత్తున మరో చోట దొరకడం అరుదు. ఏ వివరం ఏ దశలో పోయిందో అక్కడ కంటితో చూసి చెప్పవచ్చు.

అచ్చు బొమ్మకు మరో ప్రమాదం కూడా ఉంది. ఒకసారి దిమ్మ తయారైతే దాన్నీ, దాని నకళ్లనూ వాడుకోవడం కొత్త పక్షిని వెతికి గీయించడం కన్నా చాలా చవక. గెస్నర్ బొమ్మలు అల్ద్రోవాందిలోకి, ఇద్దరి బొమ్మలూ పదిహేడో శతాబ్దపు పుస్తకాల్లోకి నడిచాయి. ఫ్రాన్సిస్ విల్లబీ మరణానంతరం 1676లో జాన్ రే ప్రచురించిన గ్రంథం పక్షుల వర్గీకరణలో పెద్ద ముందడుగు. అందులో నీతికథలనూ సంకేతార్థాలనూ రే ఉద్దేశపూర్వకంగా వదిలేశాడు. కానీ ఆ పుస్తకపు రాగి చిత్రాల్లో అనేకం పాత బొమ్మలకు నకళ్లే. వచనం సాధించిన శుద్ధి బొమ్మకు అందలేదు.

అయితే పాత బొమ్మ మొండిగా నిలిచి ఉండడం ఒక సందర్భంలో శాస్త్రానికి మేలు చేసింది. కాళ్లులేని స్వర్గపక్షి ఉన్న ఆ 1555 సంపుటంలోనే గెస్నర్ ‘అడవికాకి’ అనే పేరుతో మరో పక్షిని వర్ణించి బొమ్మ వేయించాడు. కోడి అంత పరిమాణం, దూరం నుంచి నల్లగా కనిపించినా ఎండలో ఆకుపచ్చ మెరుపు, మెడ వెనక్కి పడే కుచ్చు, వయసు పెరిగితే బట్టతల, నేలలో పొడిచి వెతకడానికి తగిన పొడవాటి ఎర్రని ముక్కు ఉన్నాయని రాశాడు. అది శిథిలమైన కోటగోడల మీద, కొండచరియల మీద గూడు కడుతుందనీ, దాని కడుపు కోసి చూస్తే మిడతలు, కుమ్మరిపురుగుల వంటివి కనిపించాయనీ చెప్పాడు. ఆ పక్షిపిల్లల మాంసం రుచికి పేరుపడింది కాబట్టి జనం వాటిని గూళ్లలోంచి తీసుకుపోతారనీ, మరుసటేడు పక్షులు తిరిగి రావాలని గూటికి ఒక పిల్లను మాత్రం వదిలేస్తారనీ నమోదు చేశాడు. ఆ జాగ్రత్త చాలలేదు. పదిహేడో శతాబ్దంలో ఆ పక్షి మధ్య ఐరోపాలో కనుమరుగైంది. లిన్నేయస్ 1758లో దాన్ని కుకుడుగువ్వల సరసన చేర్చాడు. జీవించి ఉన్న నమూనా ఎవరికీ దొరకకపోవడంతో, గెస్నర్ బొమ్మ తప్పుగా గీసిన వేరే పక్షిదనీ, అసలు కల్పితమనీ పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రజ్ఞుల్లో కొందరు భావించారు.

1897లో వాల్టర్ రోత్‌షైల్డ్, ఎర్నస్ట్ హార్టెర్ట్, ఒట్టో క్లైన్‌ష్మిట్ అనే ముగ్గురు పక్షిశాస్త్రజ్ఞులు, ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియాల నుంచి వచ్చిన బట్టతల కంకణం (ఐబిస్ జాతి పక్షి) నమూనాలను గెస్నర్ వర్ణనతోనూ బొమ్మతోనూ పోల్చి, రెండూ ఒకే పక్షి అని తేల్చారు. అది మన చెరువుగట్ల మీద తిరిగే నల్ల కంకణం కుటుంబానిదే. గెస్నర్ బొమ్మలో ఒకటి రెండు కొలతలు సరిగా లేకపోయినా, కుచ్చు, ముక్కు, కాళ్లు, గూడు కట్టే చోటు, తినే పురుగులు అన్నీ సరిపోయాయి. స్వర్గపక్షి బొమ్మకు మూలం ఓడలో వచ్చిన చర్మం. దీనికి మూలం స్విట్జర్లాండు కొండల్లో తాజాగా పట్టి, కడుపు కోసి చూసిన దేహం, దానితోపాటు ఆ గూళ్ల దాకా ఎక్కిన స్థానికుల మాట. ఆ పక్షి ఒకప్పుడు ఆల్ప్స్ ప్రాంతంలో స్థిరంగా గూళ్లు కట్టేదనడానికి ఈనాటికీ చూపే ముఖ్యమైన లిఖిత ఆధారాల్లో ఆ పుట ఒకటి. ఈ శతాబ్దంలో ఆస్ట్రియా, జర్మనీ పరిశోధకులు చేతితో పెంచిన పక్షిపిల్లలకు చిన్న తేలికపాటి విమానాల వెంట మొదట ఇటలీలోని టస్కనీ వరకు, 2023 నుంచి స్పెయిన్ వరకు వలసదారి నేర్పుతూ, బట్టతల కంకణాన్ని మళ్లీ ఆల్ప్స్ ఉత్తర భాగంలో స్థిరపరుస్తున్నారు.